ఆసుపత్రి నుంచి ఇంటికి

జబ్బుపడిన మనిషి ఆసుపత్రిలో చేరడం, చికిత్స పొందడం, కోలుకొని ఇంటికి రావడం అనే మూడు దశలలో మొదటి రెండింటిని గురించే మనం ఎక్కువగా ఆలోచిస్తాం. మూడవదాన్ని శుభప్రదమైన ముగింపుగా భావిస్తాం. బిల్లు చెల్లించి, మందులు కొని, వాహనం మాట్లాడుకొని రోగిని ఇంటికి తెచ్చి, గుమ్మంలో దిష్టి తీసి లోపలికి తీసుకొని వెళితే గండం గడిచిందనుకొంటాం. కాని రోగి ఆసుపత్రి గడప దాటినంత మాత్రాన చికిత్స పూర్తికాదు. చికిత్స చేసే చేతులు మారతాయి. నిన్నటిదాకా వేళ తప్పకుండా మాత్ర ఇచ్చింది శిక్షణ పొందిన నర్సు. రక్తపోటు చూసి మందు మోతాదు మార్చింది వైద్యుడు. గాయానికి కట్టు మార్చింది అనుభవం గల సిబ్బంది. నేటినుంచి ఆ పనులన్నీ ఏ శిక్షణా లేని భార్యో, కొడుకో, కోడలో చేయవలసి ఉంటుంది. కొన్ని ఇళ్ళలో రోగి తనకు తానే చేసుకోవాలి. అందుకు కావలసిన అవగాహన వారికి ఎంతమేరకు అందింది అన్నదానిమీద రోగి కోలుకోవడం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఆరోగ్య అక్షరాస్యత

ఆరోగ్యానికి సంబంధించిన సమాచారాన్ని సంపాదించడం, అర్థం చేసుకోవడం, దాని ఆధారంగా సరైన నిర్ణయం తీసుకోవడం అనే శక్తిని ఆరోగ్య అక్షరాస్యత అంటారు. ఈ పదబంధాన్ని 1974లో అమెరికాకు చెందిన స్కాట్ సైమండ్స్ ఆరోగ్య విద్యపై రాసిన వ్యాసంలో వాడాడు. 2000లో డాన్ నట్‌బీమ్ అనే ప్రజారోగ్య నిపుణుడు ఇందులో మూడు మెట్లు ఉన్నాయని వివరించాడు. మందు చీటీని, సూచనల కాగితాన్ని చదివి గ్రహించగలగడం మొదటి మెట్టు. వైద్యునితో మాట్లాడి, తెలియనిదాన్ని అడిగి తెలుసుకొని, దాన్ని తన జీవితానికి అన్వయించుకోగలగడం రెండవ మెట్టు. విన్న సమాచారంలో ఏది నమ్మదగినదో, ఏది కాదో విచారించి నిర్ణయించగలగడం మూడవ మెట్టు.

అక్షరాలు వచ్చినంత మాత్రాన ఈ శక్తి అబ్బదు. 2006లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ఇందుకు మంచి నిదర్శనం. మందు సీసాలపై ఉండే సూచనలను 395 మంది రోగులకు చూపించి, వారు ఎంతవరకు గ్రహించారో పరిశీలించారు. ‘రెండు మాత్రలు రోజుకు రెండుసార్లు వేసుకోవాలి’ అన్న సూచనను, చదువు తక్కువగా ఉన్నవారిలో సైతం నూటికి 71 మంది సరిగా చెప్పగలిగారు. అయితే రోజు మొత్తానికి ఎన్ని మాత్రలో లెక్కించి చూపమన్నప్పుడు నూటికి 35 మంది మాత్రమే నాలుగు మాత్రలు చూపగలిగారు. వాక్యం తెలిసింది కాని, దాన్ని ఆచరణలో పెట్టవలసిన పద్ధతి తెలియలేదు.

మన ప్రాంతంలో ఈ సమస్యకు మరొక చిక్కు తోడవుతున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత సుమారు 67 శాతం. స్త్రీలలో అది 59 శాతం. ఇంటిలో రోగికి పరిచర్య చేసేవారు ఎక్కువగా స్త్రీలే. పైగా ఆసుపత్రి ఇచ్చే కాగితాలు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు చక్కగా చదవగలిగిన తల్లికి కూడా ఆ కాగితం ఎదుట తన చదువు అక్కరకు రాదు.

ఇంటికి వెళ్ళే రోజు

ఎంతో ముఖ్యమైన విషయాలను నేర్చుకోవలసిన ఆ రోజే నేర్చుకోవడానికి ఏమాత్రం అనువుగా ఉండదు. రోగి నీరసంగా ఉంటాడు. తోడున్నవారికి రాత్రులు నిద్ర ఉండదు. డబ్బు సర్దుబాటు కావాలి, సంతకాలు చేయాలి, ఊరికి వెళ్ళే బస్సు అందుకోవాలి. ఆ హడావుడిలో మందుల వేళలు, ఆహార నియమాలు, గాయం సంరక్షణ, తిరిగి రావలసిన తేదీ అన్నీ కలిపి కొద్ది నిమిషాలలో చెప్పివేస్తారు. చివర ‘అర్థమైందా?’ అని అడుగుతారు. ‘ఆ, అర్థమైందండీ’ అని వీరు తల ఊపుతారు. పెద్ద డాక్టరుగారి సమయం వృథా చేయకూడదన్న మొగమాటం, తెలియదంటే చులకన అవుతామన్న భయం ఆ తల ఊపడంలో దాగి ఉంటాయి.

వైద్యులు చెప్పిన విషయాలలో నూటికి 40 నుంచి 80 పాళ్ళు రోగులు వెంటనే మరచిపోతారనీ, గుర్తున్న వాటిలోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటాయనీ 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనా వ్యాసం తెలియజేసింది. ఇది రోగి తెలివితక్కువతనం కాదు. ఆందోళనలో ఉన్న మనస్సు ఒక భయంకరమైన మాట దగ్గర ఆగిపోతే, తరువాత విన్నది నిలవదు.

ఇందువల్ల కలిగే నష్టం చిన్నది కాదు. అమెరికాలో వృద్ధులకు వర్తించే ప్రభుత్వ బీమా పథకం రికార్డులను పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళినవారిలో దాదాపు అయిదుగురిలో ఒకరు 30 రోజులలోపే తిరిగి ఆసుపత్రిలో చేరారు. శస్త్రచికిత్స కాక ఇతర చికిత్సకోసం చేరి, అలా తిరిగి వచ్చినవారిలో సగంమంది విషయంలో, ఈ మధ్యకాలంలో ఒక్కసారైనా వైద్యునికి చూపించుకొన్నట్లు బిల్లుల ఆధారం లేదు. తిరిగి చేరడానికి కారణాలు అనేకం. వాటిలో కొన్నింటిని సరైన అవగాహనతో నివారించవచ్చు.

డిశ్చార్జి పత్రం

రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి సమ్మరీ విలువైన పత్రం. రోగం ఏమిటి, ఏ పరీక్షలు చేశారు, ఏ చికిత్స చేశారు, ఇంటికి వెళ్ళేటప్పటికి రోగి స్థితి ఎలా ఉన్నది, ఇక ముందు ఏ మందులు వాడాలి, ఎప్పుడు తిరిగి రావాలి అన్న వివరాలు అందులో ఉంటాయి. అయితే అది ప్రధానంగా ఒక వైద్యుడు మరొక వైద్యునికోసం రాసే పత్రం. రోగికీ, కుటుంబానికీ కావలసిన మాటలు అందులో ఉన్నా, సంకేతాల చాటున ఉంటాయి.

వాటిలో కొన్నింటిని తెలుసుకోవడం కష్టం కాదు. ఓడి అంటే రోజుకు ఒకసారి, బిడి అంటే రెండుసార్లు, టిడిఎస్ అంటే మూడుసార్లు. హెచ్‌ఎస్ అంటే రాత్రి పడుకొనేముందు. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైనప్పుడు మాత్రమే. 1-0-1 అని ఉంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని అర్థం. ‘అవసరమైనప్పుడు’ అన్న మందును రోజూ వేసుకోవడం, రోజూ వేసుకోవలసినదాన్ని అవసరమైనప్పుడే వేసుకోవడం రెండూ హాని చేస్తాయి. కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒకరోజు వేసుకోవలసినది. పొరపాటున దాన్ని రోజూ వేసుకొంటే రక్తకణాల ఉత్పత్తి దెబ్బతిని ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది. కాగితంలోని ఒక్క మాటపై ఒక ప్రాణం ఆధారపడి ఉండవచ్చునని దీన్నిబట్టి గ్రహించాలి.

ఇంటిలో ఎదురయ్యే చిక్కులు

మొదటి చిక్కు మందులది. ఆసుపత్రిలో చేరకముందు వాడిన మందులు ఇంటిలో ఒక డబ్బాలో ఉంటాయి. కొత్తగా కొన్నవి సంచిలో ఉంటాయి. పాతవాటిలో ఏవి కొనసాగించాలి, ఏవి మానాలి అన్నది చెప్పకపోతే రోగి రెండూ వేసుకోవచ్చు. ఒకే మందును వేర్వేరు కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతాయి. పేర్లు వేరు కాబట్టి మందులు వేరనుకొని రెట్టింపు మోతాదు వేసుకొనే ప్రమాదం ఉన్నది. దీనికి భిన్నమైన ప్రమాదం మందు మానివేయడం. గుండెకు స్టెంటు వేయించుకొన్న వ్యక్తి నొప్పి తగ్గింది కదా అని రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలను తనంతట తాను ఆపివేస్తే, స్టెంటులోనే గడ్డ ఏర్పడి మళ్ళీ గుండెపోటు రావచ్చు. రోగ లక్షణం తగ్గడం వేరు, చికిత్స అవసరం తీరడం వేరు.

రెండవది ఆహారం. మన ఇళ్ళలో పథ్యం అన్న భావన బలమైనది. జబ్బు తగ్గినవారికి, బాలింతలకు ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో చెప్పే పెద్దలు ప్రతి ఇంటా ఉంటారు. వైద్యుడు ‘అన్నీ తినవచ్చు’ అన్నా, ఇంటిలో వంకాయ వద్దు, పెరుగు వద్దు, మంచినీళ్ళు ఎక్కువ తాగవద్దు అనే ఆంక్షలు మొదలవుతాయి. బలం కావలసిన సమయంలో బాలింతకు ఆహారం తగ్గిపోతుంది. మరొకవైపు వైద్యుడు చెప్పిన నిజమైన నియమం నీరుగారిపోతుంది. గుండె బలహీనంగా ఉన్న రోగిని ‘ఉప్పు తగ్గించండి’ అంటే, కూరలో ఉప్పు తగ్గించి, పక్కన ఆవకాయ, అప్పడం యథాప్రకారం వడ్డిస్తారు. ఉప్పు అంటే డబ్బాలో ఉన్న ఉప్పు మాత్రమే కాదనీ, ఊరగాయలో, అప్పడంలో, ఎండుచేపలో ఉన్నదీ ఉప్పేననీ విడమరచి చెప్పినప్పుడే ఆ సలహా వంటింటిదాకా చేరుతుంది.

మధుమేహానికి ఇన్సులిన్ తీసుకొనేవారు ఉపవాసం ఉండి ఇంజెక్షన్ మాత్రం మామూలుగా తీసుకొంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమట పట్టడం, వణుకు, మాట తడబడడం దాని లక్షణాలు. స్పృహలో ఉండి మింగగలిగిన రోగికి వెంటనే చక్కెర కలిపిన నీళ్ళు ఇవ్వాలన్న చిన్న విషయం ఇంటివారికి తెలిస్తే ఒక పెద్ద ఆపద తప్పుతుంది. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే వైద్యసహాయం పిలిపించాలి.

మూడవది ప్రమాద సూచనలను గుర్తించడం. ఏది సహజమైన బాధ, ఏది అపాయానికి గుర్తు అన్నది తెలియకపోతే, కొందరు ప్రతిదానికీ బెదిరిపోతారు. మరికొందరు మునిగిపోయేదాకా కదలరు. కుట్టు దగ్గర కొద్దిపాటి నొప్పి ఉండడం సహజం. అక్కడ ఎర్రబడడం, వాపు పెరగడం, చీము కారడం, జ్వరం రావడం సహజం కాదు. గుండె బలహీనత ఉన్నవారి బరువు రెండు మూడు రోజులలోనే రెండు కిలోలు పెరిగితే అది ఒళ్ళు చేయడం కాదు, ఒంటిలో నీరు చేరడం కావచ్చు. పాలు తాగని, వేగంగా ఊపిరి తీసే, ఒళ్ళు చల్లబడిన పసికందును తెల్లవారేదాకా ఇంటిలో ఉంచకూడదు. అందుకే 2011లో దేశంలో ప్రారంభమైన శిశు గృహసంరక్షణ కార్యక్రమం కింద, ఆసుపత్రిలో ప్రసవించిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో వచ్చి బిడ్డను చూడాలని నిర్ణయించారు. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య వేసిన వంతెన ఇది. అత్యవసర స్థితిలో పిలవడానికి 2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సు సేవ ఉండనే ఉన్నది.

నాలుగవది జీవనం. ‘ఆరు వారాలు బరువులు ఎత్తవద్దు’ అన్న మాటను దినకూలీ చేసుకొనే మనిషి పాటించాలంటే ఆ ఆరు వారాలు ఇల్లు గడవాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదలకు పెద్ద చికిత్సల ఖర్చు భారాన్ని తగ్గించింది. ఇంటికి చేరిన తరువాత ఆగిపోయే కూలి సంగతి వేరే సమస్యగా మిగిలింది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శస్త్రచికిత్స పొందిన పేదలకు విశ్రాంతి కాలంలో రోజుకు 225 రూపాయల చొప్పున భృతి ఇచ్చే పథకాన్ని ప్రారంభించినప్పుడు ఈ అవసరాన్నే గుర్తించింది. సలహా ఎంత మంచిదైనా, దాన్ని పాటించే స్తోమత లేనివారికి అది అందని ద్రాక్షే.

తిరిగి చెప్పించడం

ఈ చిక్కులను ఎదుర్కోవడానికి వైద్యలోకం కనుగొన్న ఉపాయాలలో సులభమైనది, ఖర్చులేనిది ‘తిరిగి చెప్పించడం’. ‘అర్థమైందా?’ అని అడగడానికి బదులు నర్సు ఇలా అడుగుతుంది: ‘అమ్మా, ఇంటికి వెళ్ళాక మీవారికి ఏ మాత్ర ఎప్పుడు ఇస్తారో ఒకసారి నాకు చెప్పండి. నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి.’ ఇది పరీక్ష కాదు. తప్పు దొర్లితే లోపం చెప్పినవారిది అన్న భావం ఆ ప్రశ్నలోనే ఉన్నది. ఆమె చెప్పినదానిలో పొరపాటు ఉంటే నర్సు మరొక తీరులో వివరించి మళ్ళీ చెప్పించుకొంటుంది. ఇంజెక్షన్ చేయడం, కట్టు మార్చడం వంటివైతే చేయించి చూస్తుంది.

2009లో అమెరికాలోని బోస్టన్ నగరంలో 749 మంది రోగులపై జరిగిన ప్రయోగ ఫలితాలు వెలువడ్డాయి. కొందరికి ఒక ప్రత్యేక నర్సును కేటాయించి, మందుల వివరాలను సరిచూసి, అర్థమయ్యే భాషలో చిన్న పుస్తకం ఇచ్చి, తిరిగి రావలసిన తేదీలను ముందే నిర్ణయించారు. ఇంటికి వెళ్ళిన రెండు నుంచి నాలుగు రోజులలో ఔషధ నిపుణుడు ఫోనుచేసి మందుల సంగతి విచారించాడు. మామూలు పద్ధతిలో పంపినవారికంటే వీరు తరువాతి 30 రోజులలో ఆసుపత్రికి రావలసిన సందర్భాలు సుమారు 30 శాతం తగ్గాయి. ఇందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఒక మనిషి మరొక మనిషికి ఓపికగా చెప్పడం మాత్రమే ఉన్నది.

మన ఆసుపత్రులలో నర్సులు తక్కువ, రోగులు ఎక్కువ కాబట్టి ఇది సాధ్యంకాదని కొందరు అంటారు. అయితే మన దగ్గర మరొక బలం ఉన్నది. రోగివెంట మంచం పక్కనే కూర్చొనే కుటుంబసభ్యుడు మన ఆసుపత్రులన్నింటిలోనూ కనిపిస్తాడు. ఆ కుటుంబసభ్యునికి చివరి రోజున కాక, చేరిన నాటినుంచే రోజుకు ఒక్క విషయం చొప్పున నేర్పితే, ఇంటికి వెళ్ళేనాటికి అతడు సమర్థుడైన సహాయకుడు అవుతాడు. ఇటీవలి సంవత్సరాలలో దేశంలోని కొన్ని ఆసుపత్రులు ఈ మార్గాన్ని అనుసరిస్తున్నాయి.

హక్కు – బాధ్యత

అర్థమయ్యేలా చెప్పమని అడగడం దయను అర్థించడం కాదు. భారత వైద్యమండలి 2002లో రూపొందించిన వృత్తి నియమావళి ప్రకారం, రోగి తన వైద్య రికార్డులను కోరితే 72 గంటలలోపు ఇవ్వాలి. 2016లో చేసిన సవరణ ప్రకారం వైద్యులు మందుల అసలు పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలి. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోని 17 హక్కులలో, తన రోగాన్ని గురించి సమాచారం పొందే హక్కు, రోగి విద్యను పొందే హక్కు కూడా ఉన్నాయి.

హక్కుతోపాటు రోగికీ, కుటుంబానికీ బాధ్యత ఉన్నది. వాడుతున్న మందులన్నింటినీ, నాటుమందులతో సహా, వైద్యునికి దాచకుండా చెప్పాలి. తెలియనిదాన్ని తెలిసినట్లు తల ఊపకూడదు. పాత పత్రాలను జాగ్రత్తపరచి, తిరిగి వెళ్ళినప్పుడు వెంట తీసుకొని వెళ్ళాలి.

విద్యార్థి పాత్ర

ఈ విషయం ఇంటర్మీడియట్ విద్యార్థులకు దూరమైనది కాదు. ఎన్నో ఇళ్ళలో ఇంగ్లీషు కాగితం చదవగలిగినవారు కళాశాలకు వెళ్ళే అమ్మాయి లేక అబ్బాయి ఒక్కరే. తాతగారి డిశ్చార్జి పత్రం చివరకు వారి చేతికే వస్తుంది. ‘ఇందులో ఏముందో చూడమ్మా’ అన్న మాటతో పెద్ద బాధ్యత కూడా వస్తుంది. ఆ బాధ్యతకు ఒక హద్దు ఉన్నది. చదివి వినిపించడం విద్యార్థి చేయగలడు. ఊహించి చెప్పడం చేయరాదు. ఒక మాట తెలియకపోతే ‘ఇలా అయి ఉంటుంది’ అని నిర్ణయించక, ఆసుపత్రికి ఫోనుచేసి గాని, మందుల దుకాణంలోని ఫార్మసిస్టును గాని, దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో గాని అడిగి తెలుసుకోవాలి.

ఇంటికి బయలుదేరేముందే అడగవలసిన ప్రశ్నలు అయిదు ఉన్నాయి. రోగం ఏమిటి? ఏ మందు ఎప్పుడు, ఎన్నాళ్ళు వాడాలి, పాతవాటిలో ఏవి మానాలి? ఏమి తినాలి, ఏ పనులు చేయవచ్చు? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి? తిరిగి ఎప్పుడు, ఎవరికి చూపించాలి? ఈ అయిదింటికీ వచ్చిన సమాధానాలను అక్కడే తెలుగులో రాసుకొని, నర్సుకు ఒకసారి చదివి వినిపించి సరిచూసుకోవాలి. ఇంటికి వచ్చాక ఒక తెల్లకాగితంపై ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గళ్ళు గీసి, ఏ గడిలో ఏ మాత్రో పెద్ద అక్షరాలలో రాయాలి. చదువురాని నాయనమ్మ ఉన్నచోట సూర్యుని బొమ్మ, చంద్రుని బొమ్మ గీసి, పక్కన ఖాళీ మందు రేకును అంటించవచ్చు. దాన్ని గోడమీది క్యాలెండరు పక్కన అతికించి, ‘ఈ రాత్రి తాతయ్యకు ఏ మాత్ర ఇస్తావు నాయనమ్మా?’ అని అడగాలి. ఆమె తడుముకోకుండా వేలుపెట్టి చూపగలిగితే ఆసుపత్రిలో మొదలైన చికిత్స ఇంటిలోనూ సక్రమంగా సాగుతున్నట్లే.